సిరిసిల్లలో ముందు వరుస: కొత్త కనకమ్మను చూడబోయిన ఆదివారం

నిజం చెప్పేస్తాను. నేను సిరిసిల్ల వెళ్లింది నాటకం చూడటానికి కాదు, నా మాటే నెగ్గిందని చూసుకోవడానికి. ‘కండెల కనకమ్మ’ అనే సంగీత నాటకం మా జిల్లాల్లో ఊరూరా తిరగడం మొదలుపెట్టినప్పటి నుంచి నేను దాని వెంటే తిరుగుతున్నాను. ఉండేది కరీంనగర్‌లో, చేసేది బీమా ఆఫీసులో ఉద్యోగం, సెలవు దొరికితే నాటకం ఎక్కడుంటే అక్కడికి బస్సు. మాలాంటి వాళ్లకు ఫోన్‌లో ‘కనకమ్మ చుట్టాలు’ అని ఒక గ్రూపు ఉంది. ఏ హాల్లో ఏ కుర్చీకి స్తంభం అడ్డం వస్తుంది, ఎటువైపు కూర్చుంటే డప్పు మోతలో పాట మునిగిపోదు, ఈసారి మామ వేషం ఎవరికిచ్చారు అనే సంగతులు అక్కడ పెళ్లి సంబంధాలు మాట్లాడుకున్నంత శ్రద్ధగా మాట్లాడుకుంటాం. మా ఆయన ఆ గ్రూపు పేరు వింటేనే లేచి పక్క గదిలోకి పోతాడు. ఎవరి పిచ్చి వారికి ఆనందం.

నాటకం చూడని వాళ్లకు కథ రెండు ముక్కల్లో చెబుతాను. కనకమ్మ సిరిసిల్ల కార్ఖానాలో కండెలు చుట్టే కోడలు. కండె అంటే నూలు చుట్టిన చిన్న గొట్టం. భర్త పని వెతుక్కుంటూ మహారాష్ట్రలోని భీవండి పోతాడు, ఇంట్లో సాంచా ఆగిపోతుంది. పవర్‌లూమ్‌ను అక్కడ సాంచా అంటారు. ఆడది సాంచా నడుపుతుందా అని నలుగురూ నవ్వుతుంటే కనకమ్మ దాన్ని నడిపి చూపిస్తుంది. ఆఖరి పాట ఆ సాంచా ముందు నిలబడి పాడేదే. తొలి ఆట నుంచి ఈ వేషం సిరిసిల్లకే చెందిన సులోచనక్కది. మొన్నామధ్య ఆమె గొంతుకు ఆపరేషన్ అయింది, ఇక స్టేజీ మీద పాడొద్దని డాక్టర్ గట్టిగా చెప్పాడు. ఆమె స్థానంలో బుగ్గారం నుంచి రమ్య అనే అమ్మాయి వచ్చింది. వ్యవసాయం చేసుకునే ఇంటి పిల్ల, పాటల పోటీల్లో బహుమతులు తెచ్చుకున్న పిల్ల.

ఆమెను నేను మొదటిసారి చూసింది శనివారం జగిత్యాలలో. ఆరు గంటల ఆట, ఫంక్షన్ హాలు, ముందున్న సోఫాలకు రెండు వందలు, వెనక కుర్చీలకు వంద. నేను నాలుగో వరుస మధ్యలో కూర్చున్నాను, జగిత్యాలలో నా లెక్కన అదే మంచి చోటు. గొంతు తేనెలా ఉంది, జనం చప్పట్లు కూడా బాగానే కొట్టారు. నాకు మాత్రం సులోచనక్క కనిపించక ఒళ్లు మండింది. లాడ్జికి రాగానే గ్రూపులో రాసేశాను: ‘పాట వచ్చింది, కనకమ్మ రాలేదు. చేతిలో మైకు పట్టుకుని నిలబడితే కనకమ్మ అయిపోతారా?’ రాసి, నా వాక్యాన్ని నేనే రెండుసార్లు చదువుకుని మురిసిపోయాను. కొందరు అవునన్నారు, కొందరు తిట్టారు. చివరికి అందరూ తేల్చింది ఒకటే. ఇది సిరిసిల్ల కథ, రేపు అక్కడ ఆట ఉంది, సిరిసిల్ల ఒప్పుకుంటే ఒప్పుకున్నట్టు, లేకపోతే లేదు. సరే, నేనూ వస్తున్నాను, చూద్దాం అన్నాను.

ఆదివారం పొద్దున ఎనిమిదిన్నరకు లాడ్జి ఖాళీ చేశాను. గది ఏడు వందలు, వేడినీళ్లు అడిగితేనే వస్తాయి. జగిత్యాల బస్టాండులో ఇడ్లీ తిని కోరుట్ల బస్సెక్కాను. ఆడవాళ్లకు ఆధార్ చూపిస్తే జీరో టికెట్టే. ముప్పావుగంటలో కోరుట్లలో దిగాను. నేరుగా సిరిసిల్ల పోకుండా ఇటు తిరిగి రావడానికి కారణం విజయక్క. ఆమె బీడీలు చుడుతుంది, మా గ్రూపులో ఆమెను మించిన అభిమాని లేరు. మేడిపల్లిలో పుట్టి కోరుట్ల కోడలైన ఈమెకు నాటకంలోని ప్రతి పాటా నోటికి వచ్చు. నేను వెళ్లేసరికి చేట ముందేసుకుని ఆకు కత్తిరిస్తోంది.

“ఏంది చెల్లె, గిప్పుడా అచ్చేది? నేను పొద్దుగాల్నే తయారై కూసున్న,” అంది. తర్వాత నా మొహం చూసి గొంతు తగ్గించింది. “నువ్వు గట్ల రాయకుండ ఉండాల్సింది. ఆడలేకపోతె మద్దెల ఓడు అంటరు. నువ్వేమో ఆడెటోల్ల మీదనే పడ్డవు.”

“ఉన్నదే రాసిన కదా అక్కా.”

“ఉన్నదంత రాస్తరా ఎవ్వరన్న?” అని నా ముందు జొన్నరొట్టె, వంకాయ కూర పెట్టింది. తిన్న తర్వాత వాదించడం కష్టం, మానేశాను.

కోరుట్ల నుంచి సిరిసిల్లకు వెళ్లాలంటే రుద్రంగి, చందుర్తి మీదుగా వేములవాడ బస్సెక్కి అక్కడ మారడం సులువు. మొత్తం రెండు గంటలు పెట్టుకోండి, ఆదివారమైతే వేములవాడలో జనం వల్ల ఇంకో అరగంట. మాకు ఆ అవసరం పడలేదు. నాటకానికి సౌండు పెట్టే ఖాజా భాయ్‌ది విజయక్క ఉండే గల్లీయే. ఒంటిగంటకు ఆయన వ్యాను పెట్టెలతో బయలుదేరుతుంటే ముందు సీట్లో ఇద్దరం ఇరుక్కున్నాం. డబ్బులివ్వబోతే “మేడం, పాట ఇననీకె అచ్చేటోల్ల దగ్గర కిరాయి తీసుకుంటనా?” అని చేయి అడ్డం పెట్టాడు.

ఊరు దాటాక ఆయనే మొదలుపెట్టాడు. “ఈ దినం నాకు శాన పరేషాన్ ఉన్నది అక్కా. సిరిసిల్లోల్లు ఆ పిల్లను ఒప్పుకోకుంటె ఆఖరి పాట నేనే పాడ్త అంటున్నది సులోచనక్క.”

“డాక్టర్ వద్దన్నడు కదా?” అన్నాను.

“పాడితె ఉన్న మాట గూడ పోతది అన్నడట. ఇంటదా? ఆట మునగనియ్య అంటది. అటు ఆ పిల్లనేమో రాత్రి నుంచి అన్నం ముడ్తలేదు. ఎవరో కరీంనగర్ మేడం ఫోన్ల రాసిందట, పాట వచ్చింది కనకమ్మ రాలేదని. అది ఆ పిల్ల ఫోనుకు గూడ చేరింది, చదివి ఒకటే ఏడుపు.”

విజయక్క నా వైపు చూడలేదు గానీ నా మోకాలి మీద గిల్లింది. నేను కిటికీలోంచి మక్కజొన్న చేలు చూస్తూ కూర్చున్నాను. అంతవరకు నాకు ఆ అమ్మాయి ఒక వేషం మాత్రమే. అన్నం తినని మనిషిగా ఆలోచించలేదు. ఏదో ఒకటి అడగాలని, సులోచనక్కకు పైనుంచి వేలాడే మైకు ఉండేది కదా, ఈమెకెందుకు చేతికిచ్చావని అడిగాను.

“పిల్లది సన్నగొంతు మేడం. ఏలాడే మైకు దాన్ని పట్టదు. గందుకే చేతికిచ్చి, నోటికి ఆనించి పాడుమన్న,” అన్నాడు. అదీ నిజమే అనిపించింది.

మూడింటికి సిరిసిల్ల చేరాం. ఆట ఐదింటికి. హాలు దాకా పోయే సందుల్లో ఇళ్లలోంచి సాంచాల చప్పుడు వస్తూనే ఉంటుంది, కొత్తవాళ్లకు మాట వినపడక అరుచుకోవాల్సి వస్తుంది. హాలు బయట ఇరవై రూపాయలకు ప్లేటు మిర్చి బజ్జీ, పక్కనే చాయ్ బండి. ఇక్కడ టికెట్టు అందరికీ ఒకటే, వంద. కుర్చీలకు నంబర్లు లేవు, ముందొచ్చిన వాళ్లు తువ్వాల వేసి పోతారు. తువ్వాల ఉన్నంతసేపు ఆ కుర్చీ జోలికి ఎవరూ రారు, తీసేస్తే ఇక రాననే అర్థం. ముందు రెండు వరుసలూ తువ్వాలలే. అవి సాంచాలు నడిపే వాళ్లవని, మొదటి ఆట నుంచీ ఇంతేనని గేటు దగ్గర చెప్పారు. విజయక్కకు ఇలాంటివి పట్టవు. ముందు వరుస చివర రెండు కుర్చీలు ఖాళీగా కనిపిస్తే సంచి పెట్టేసింది.

పక్క కుర్చీలోని పెద్దాయన పేరు రాజేశం. ముప్పై ఏళ్లు సాంచాలు నడిపి ఇప్పుడు మానేశాడట. విజయక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతూ “మీ కుర్చీలు గుంజుకున్నమా తాతా?” అంటే ఆయన “ఆఁ?” అన్నాడు. కొంగు తీసి మళ్లీ అడిగితే “కూసోండ్రి, ఆడోల్లు, ఏం గాదు,” అన్నాడు. నడవకు అవతల కూర్చున్న స్నేహితుడితో ఆయన చప్పుడు లేకుండా మాట్లాడుతున్నాడు. పెదవులు ఆడుతున్నాయి, వేళ్లు ఆడుతున్నాయి, అవతలాయన పడి పడి నవ్వుతున్నాడు. కార్ఖానాలో ఆ మోతలో అరిచినా లాభం లేదు కాబట్టి ఇలా అలవాటైందని ఆయనే చెప్పాడు. నాకు ముచ్చటేసింది, అంతకుమించి ఏమీ ఆలోచించలేదు.

ఐదూ పదికి తెర లేచింది. రమ్య చేతి మైకు నోటికి ఆనించి మొదటి పాట ఎత్తుకుంది, నిన్నటికంటే బాగా పాడుతోంది. రెండో చరణం దగ్గర మా వరుసలోంచి ఎవరో “ఇనవడ్తలేదు!” అని అరిచారు. ఖాజా భాయ్ సౌండు పెంచాడు. “ఇనవడ్తలేదు!” అని ఈసారి నలుగురు. ఇంకా పెంచాడు. వెనక నుంచి “చెవులు పగుల్తున్నయ్, తగ్గియ్యి!” అని కేకలు. మళ్లీ ముందు నుంచి “మాటే లేదు!” సౌండు పెట్టెలు ఈల వేశాయి. రమ్య ఉలిక్కిపడి ఒక లైను మర్చిపోయింది. బెదిరి, మైకును ఇంకా దగ్గరగా పెదవులకు అదుముకుంది. నేను గ్రూపులో రాసిందే నా కళ్ల ముందు నిజమవుతోంది, నాకు మాత్రం సంతోషం కలగలేదు. పొద్దున దాకా ఎదురుచూసింది దీనికోసమే కదా అని నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆరుంపావుకు విరామం. మా రెండు వరుసల వాళ్లు లేచారు. లేచి, తువ్వాలలు దులిపి భుజాన వేసుకున్నారు. ఒక్కొక్క కుర్చీ ఖాళీ అవుతోంది. రాజేశం తాత కూడా తీశాడు. నేను ఆయన పక్కన నడుస్తూ “పోతున్నరా తాతా?” అంటే వినిపించుకోలేదు. ఎదురుగా వెళ్లి నిలబడి మళ్లీ అడిగాను.

“ఏం జేద్దం బిడ్డా, ఒట్టి కూత. మాట ఒక్కటి తెలుస్తలే.”

“సౌండు అంత పెద్దగా ఉన్నది కదా!”

“సౌండుంటె ఏంది? ఆ నల్ల డబ్బ నోటికి అడ్డం పెట్టుకున్నంక మాట ఎట్ల తెలుస్తది?”

“మీరు నోరు చూసి వింటారా తాతా?”

ఆయనకు కోపం వచ్చింది. “నా చెవులు మంచిగనే ఉన్నయి. నోరు సూడకుండ ఎవ్వరన్న ఇంటరా?”

కొంగు అడ్డం పెట్టుకుంటే విజయక్క మాట ఆయనకెందుకు అందలేదో, పక్కన నడుస్తుంటే నా మాట ఎందుకు అందలేదో అప్పుడు తెలిసింది. ఆ రెండు వరుసల వాళ్లూ సాంచాల మధ్య ఏళ్లకేళ్లు గడిపి, చెవులు మొద్దుబారిన సంగతి తమకే తెలియకుండా, కళ్లతో వింటున్నారు. “కనపడ్తలేదు” అనాల్సింది “ఇనవడ్తలేదు” అంటున్నారు. ఖాజా భాయ్ పాపం సౌండు పెంచుతున్నాడు.

విజయక్కకు ఒక్క ముక్కలో సంగతి చెప్పి స్టేజీ వెనక్కి పరిగెత్తాను. అక్కడ సులోచనక్క అప్పటికే కనకమ్మ చీర కట్టుకుంటోంది. రమ్య మూలన స్టూలు మీద కూర్చుని రంగు తుడుచుకుంటోంది. కాటుక చెంపల మీదికి కారింది. నేను ఎవరో, ఎందుకు వచ్చానో గబగబా చెప్పాను. దాచుకోవడంలో అర్థం లేదనిపించి, రాత్రి రాసింది నేనేనని కూడా చెప్పాను.

“మీరేనా?” అంది రమ్య. నా వైపే చూసింది. ఆ చూపుకు తల దించుకున్నాను.

“నేనే. తప్పు రాసిన చెల్లె. వాళ్లకు నీ గొంతు నచ్చక కాదు, నీ నోరు కనవడక,” అన్నాను.

సులోచనక్క కుచ్చిళ్లు పట్టుకున్న చేయి ఆగిపోయింది. ఆపరేషన్ తర్వాత ఆమె మాట బొంగురుగా, సగం గాలిగా వస్తోంది. “ఔ... నిజమే,” అంది నెమ్మదిగా. “నేను కండెలు సుట్టుకుంట పాడేదాన్ని. ఆ సప్పుడుల ఎవ్వలికి ఇనవడేది కాదు. నోరు పెద్దగ తెరిస్తెనే అవతలి సాంచ కాడున్నోల్లకు తెలిసేది. గదే అలవాటు. అది ఒక విద్దె అని నాకేం ఎరుక? ఎరుకుంటె నీకు చెప్పకపోదునా బిడ్డా.”

ఖాజా భాయ్ తల పట్టుకున్నాడు. వేలాడే మైకు వ్యానులో ఉంది, కట్టడానికి ఐదు నిమిషాలు. కానీ దానికి రమ్య గొంతు అందదు, వెనక వరుసలకు పాట పోదు. ముందు వాళ్లకు నోరు చూపిస్తే వెనక వాళ్లకు గొంతు పోతుంది, ఇది ఆయన బాధ. అందరూ రమ్య వైపు చూశారు. ఆ అమ్మాయి పక్కనున్న మైకును తీసి ఆయన చేతిలో పెట్టింది.

“అది కట్టు భాయ్. నేను గట్టిగ పాడ్త,” అంది.

సులోచనక్క చీర విప్పి ఆమెకిచ్చింది. బొట్టు దిద్దుతూ, “మొకం పక్కకు తిప్పకు. ఒక్కొక్క మాట నమిలినట్టు పాడు. గొంతు పగిలినా నోరు ఆపకు,” అని చెప్పింది.

బయట విజయక్క చాయ్ బండి దగ్గర నిలబడి గొంతు చించుకుంటోంది. “రాండ్రి, రాండ్రి! ఈసారి నోటికాడ మైకు లేదట!” కొందరు నవ్వారు, కొందరు ఇంటిదారి పట్టారు. సగానికి పైగా వెనక్కి వచ్చారు. రాజేశం తాత వచ్చి కూర్చున్నాడు గానీ తువ్వాల భుజం మీదే ఉంచుకున్నాడు. ఖాజా భాయ్ స్టేజీ ఎక్కి, సన్నగొంతు, కాస్త ఫ్యాన్లు ఆపుతాం, ఏమనుకోవద్దని వెనక వాళ్లను బతిమాలుకున్నాడు. అంత ఉక్కలో పిల్లలతో సహా నోరు మూసుకుని కూర్చున్న ఆ వెనక వరుసల వాళ్ల రుణం నేను ఈ జన్మలో తీర్చుకోలేను.

రమ్య వచ్చింది. ఖాళీ చేతులు ఏం చేసుకోవాలో తెలియక ఒక క్షణం తడబడింది. తర్వాత కండె తీసుకుని మా వరుసకు ఎదురుగా నిలబడింది. ‘కండె ఖాళీ అయితె నూలు దొరుకుతది, కాలం ఖాళీ అయితె ఏం దొరుకుతది’ అని పాట ఎత్తుకుంది. గొంతు చిన్నగానే ఉంది. కానీ ఒక్కొక్క మాట ఆమె పెదవుల మీద ఏర్పడుతుంటే నా పక్కన రాజేశం తాత పెదవులు కూడా కదిలాయి. ఆ పక్కాయనవీ కదిలాయి. తిరిగి చూస్తే రెండు వరుసలూ చప్పుడు లేకుండా పాడుతున్నాయి. ఆమె కూడా అది చూసింది. చూశాక ఇక భయపడలేదు. ఆఖరి పాటలో సాంచా ముందు నిలబడి పైస్థాయి అందుకోబోతే గొంతు నిలువునా చీలింది. నాకు వినిపించింది, వెనక హాలంతటికీ వినిపించింది. ఆమె నోరు ఆపలేదు. ముందు రెండు వరుసలకూ ఆ చీలిక తెలియనే తెలియదు. వాళ్లు తాళం తప్పకుండా చప్పట్లు కొడుతూ, మాట మాటా అందుకుంటూ పాట చివరి దాకా ఆమెతో వెళ్లారు. నేను ఏడ్చాను. విజయక్క మాత్రం కొంగు అడ్డం లేకుండా ఏడ్చింది.

ఏడున్నరకు ఆట ముగిసింది. స్టేజీ మెట్ల దగ్గర జనం మూగారు. రాజేశం తాత అందరినీ తోసుకుంటూ వెళ్లి రమ్య ముందు నిలబడ్డాడు. ఆమె ఆయన్ని ఏదో అడగబోయింది. గొంతు పూర్తిగా పోయింది, గాలి కూడా రాలేదు. పక్కనే ఉన్న నాకు, విజయక్కకు, ఖాజా భాయ్‌కి ఏమీ వినపడలేదు. ఏమడిగిందని మేం ఒకరి మొహం ఒకరు చూసుకునే లోపే తాత జవాబు చెప్పేశాడు.

“మంచిగ పాడినవ్ బిడ్డా. ఒక్క మాట గూడ పోలే.”

కరీంనగర్ బస్సులో కూర్చుని గ్రూపులో నా పోస్టు తీసేశాను. తీసేస్తే చాలదనిపించి, జరిగిందంతా నా పేరు పెట్టి రాశాను. సులోచనక్క గొంతు ఇక ఎవరి కోసమూ పణంగా పెట్టనక్కర్లేదు, రమ్యే కనకమ్మ. ఇన్నేళ్లుగా మంచి చెవి ఉన్నదాన్నని నన్ను నేను మెచ్చుకుంటూ తిరిగాను. నాలుగో వరుస మధ్యలో కూర్చుని తూకం వేయడం తప్ప, నా పక్క మనిషికి అదే పాట ఎలా చేరుతోందని ఒక్కసారీ ఆలోచించలేదు. ఒక అమ్మాయి రాత్రి భోజనం పోగొట్టి నేర్చుకున్నాను, అది నాకు సిగ్గుగా ఉంది.

ఈ నాటకం కోసం సిరిసిల్ల వెళ్లే వాళ్లకు ఒక్కటే చెబుతాను. నాలుగింటికే చేరండి. ముందు రెండు వరుసల్లో తువ్వాల లేని కుర్చీ కనిపించినా కూర్చోకండి, మేం కూర్చుని తప్పు చేశాం. మూడో వరుసలో కూర్చోండి. అక్కడి నుంచి కూడా మనకు బాగానే వినిపిస్తుంది.